మూగప్రాణుల ఋణము – ఔషధ పరిశోధనపై ఒక వీరశైవ చింతన



మహాశివరాత్రి జాగరణ ముగిసిన మరునాటి ఉదయము, మా ఘనపూర్‌లో నాకు పరిచితుడైన ఒక లింగాయతు గృహస్థుడు మా యింటికి వచ్చెను. రాత్రియంతయు మేల్కొనుట వలన కన్నులు ఎర్రబారియుండెను గాని, ఆ ఎరుపు జాగరణ వలన మాత్రమే వచ్చినది కాదని ముఖము చూడగానే తెలిసెను. "సారూ, మా అమ్మ రెండ్రోజుల సంది సూది ఏయించుకుంటలేదు. మీరొచ్చి చెప్తెనన్న ఇంటదేమో" అనెను.

విషయమేమన, ఆయన కుమార్తె ఎం.ఫార్మసీ చదువుచున్నది. ఆమె శాఖ ఫార్మకాలజీ, అనగా ఔషధము శరీరములో ఏ విధముగా పనిచేయునో పరిశీలించు శాస్త్రము. బి.ఫార్మసీలో నున్నంతకాలము జంతుప్రయోగములను కంప్యూటరు తెరమీద చూపి నేర్పిరి. ఇప్పుడు పైచదువులో, తన పరిశోధన నిమిత్తము ఎలుకలకు మందిచ్చి పరీక్షింపవలసియున్నదని ఆ పిల్ల ఇంట చెప్పినది. నానమ్మ నిర్ఘాంతపోయినది. "మెడల లింగమున్న పిల్ల పానమున్న జీవికి సూది గుచ్చుడేంది? గా సదువు బందు వెట్టు" అన్నది. పిల్లకు దుఃఖము, దానితోపాటు కోపము వచ్చి, "నానమ్మా, నువ్వు పొద్దుమాపు ఏస్కునే ఇన్సులిన్ గూడ కుక్కల మీదనే కనిపెట్టిన్రు" అని జవాబు చెప్పినది. అంతే. ముసలమ్మ సూదిని గూటిలో పెట్టి, మరల ముట్టలేదు.

నేను వెళ్లితిని. ఆ యింటి పెద్దావిడ నన్ను చూచి, "చెప్పు బిడ్డా, కుక్కను సంపి తెచ్చిన మందు నేను తీసుకొనొచ్చునా?" అని సూటిగా అడిగినది. ముప్పది సంవత్సరములు బడిపిల్లలకు పాఠములు చెప్పిన నాకు ఆ క్షణమున సమాధానము తోచలేదు. "పెద్దమ్మా, నీ ప్రశ్న చిన్నది కాదు. వెదకి సమాధానము తెచ్చెదను. అది వినుటకైనను నీవు ఉండవలెను గదా! ముందు సూది వేయించుకొనుము" అని మాత్రము బతిమాలితిని. ఆమె నవ్వి, మనుమరాలి వైపు చేయి చాచినది.

ఆ పెద్దమ్మకు ఇచ్చిన మాట ప్రకారము వెదకి తెలిసికొన్నదియే ఈ వ్యాసము. ఇట్టి ప్రశ్న ఒక్క యింటిది కాదు. నేడు మన లింగాయతు కుటుంబములలో వైద్యము, ఫార్మసీ, జీవశాస్త్రము చదువుచున్న బిడ్డలు అనేకులు కలరు. మందు వాడని ఇల్లు లేనేలేదు. కావున ఇది అందరి ప్రశ్న.

బసవేశ్వరుని బోధ

మా ఘనపూర్‌కు సమీపముననే పాలకుర్తి కలదు. బసవపురాణమును తెలుగున ద్విపదగా రచించిన పాల్కురికి సోమనాథ కవి జన్మభూమిగా ఆ గ్రామము ప్రసిద్ధి చెందినది. అక్కడి సోమేశ్వరుని గుట్ట ఎక్కిన ప్రతిసారి నాకొక తలంపు కలుగును. సోమనాథుడు బసవేశ్వరుని నందీశ్వరుని అవతారముగా వర్ణించెను. అనగా, మనము గురువుగా కొలుచు మహాత్ముని మూలరూపము ఒక పశువు! నోరులేని వృషభమును శివుని ఎదుట నిత్యము నిలిపి, దాని కొమ్ముల నడుమ నుండి లింగదర్శనము చేయు సంప్రదాయము మనది. అట్టివారమగు మనకు మూగజీవి బాధ పరాయిది కాజాలదు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరుడు చేసిన బోధలలో దయకు ప్రథమస్థానము కలదు. ధర్మమనునది ఒక వృక్షమైనచో దయ దానికి వేరు అని ఆయన భావము. ఆ దయ మనుష్యులకు మాత్రమే పరిమితము కాదు, సకల ప్రాణులకును వర్తించును. పండుగనాడు బలియిచ్చుటకు తెచ్చిన మేకపిల్ల, తన చావు కొరకే కట్టిన తోరణమును తెలియక మేయుటను ఆయన ఒక వచనమున చిత్రించి, ఆ అమాయకత్వము ఎదుట మనుష్యుని క్రూరత్వమును నిలదీసెను. యజ్ఞమున మేకను వధించు ఆచారమును నిరసించెను. రాతి నాగమునకు పాలుపోసి, నిజమైన పాము కనబడగానే కొట్టుడని కేకలువేయు లోకపు తీరును ఎత్తిచూపెను. బసవపురాణములో కుక్క చేత వేదము చదివించిన భక్తుని కథయు కలదు. నీచమని తలచిన ప్రాణియందును శివతత్త్వము కలదని ఆ కథ చాటుచున్నది.

ఐనను మన పురాణమును నిజాయితీగా చదివినచో కన్నప్ప కథయు అందులోనే ఉన్నది. ఆ వేటగాడు తాను చంపిన జంతువు మాంసమును తెచ్చి శివునకు నివేదించెను. శివుడు ఆ బోయవాని భక్తిని మెచ్చెను. ఆ కథ హింసను సమర్థించుటకు చెప్పినది కాదు, భక్తికి కులము, విద్య అడ్డురావని చెప్పుటకు చెప్పినది. అయినను "మన మతమున జంతువును తాకిన కథయే లేదు" అని వాదించుటకు వీలులేదని మాత్రము మనము ఒప్పుకొనవలెను. దయ మన మార్గము. ఆ మార్గమున నడచుటలో చిక్కులున్నవి. ఆ చిక్కులలో ఒకటి ఈ పరిశోధన.

ఎందుకన, బసవేశ్వరుడు దయతోపాటు దాసోహమును బోధించెను. ఆకలిగొన్నవానికి అన్నము, రోగికి ఉపశమనము ఇచ్చుట దాసోహములో భాగము. ఒక ప్రక్క ప్రాణిదయ, మరొక ప్రక్క రోగిసేవ. రెండును ధర్మములే. రెండు అధర్మముల నడుమ గాని, ధర్మాధర్మముల నడుమ గాని సంశయమున్నచో తీర్పు సులభము. రెండు ధర్మములు ఎదురుపడినప్పుడే మనస్సు నలుగును.

సూది వెనుక దాగిన కథలు

మొదట పెద్దమ్మ ఇన్సులిన్ కథ. కుక్క శరీరము నుండి క్లోమగ్రంథిని తొలగించిన, దానికి మధుమేహము వచ్చునని 1889లో జర్మనీలో మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ అను వైద్యులు కనుగొనిరి. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు కుక్కలపై ప్రయోగములు చేసి క్లోమసారమును సిద్ధపరచిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునకు ఆ మందు ఇచ్చిరి. అంతకుపూర్వము ఆ వ్యాధి వచ్చిన పిల్లలు ఎముకల గూడులై మరణించెడివారు. ఆ కుక్కలు లేకున్న ఈ మందు ఆనాడు లేదు. తరువాత చాలాకాలము పశువుల, పందుల క్లోమగ్రంథుల నుండియే ఇన్సులిన్ తీసిరి. 1982లో అమెరికాలో, సూక్ష్మజీవుల చేత తయారుచేయించిన మానవ ఇన్సులిన్ వాడుకకు అనుమతి లభించెను. నేడు ఎక్కువగా వాడుకలోనున్నది సూక్ష్మజీవుల నుండి, యీస్టు నుండి వచ్చినదే. అందులో పశుమాంసపు అంశము లేదు. కాని దాని పుట్టుకలో కుక్కల ప్రాణమున్నది.

రెండవది నా కథయే. నేను చిన్ననాడు బడినుండి వచ్చుచుండగా పిచ్చికుక్క కరచినది. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు వేసిరి. ఒక్కొక్క సూదికి ఏడ్చితిని. మా అమ్మ నా ప్రక్కన పంచాక్షరి జపించుచు కూర్చుండెడిది. మా యింట గ్రుడ్డు కూడ గడప దాటి వచ్చి యెరుగదు. కాని ఆ సూదిమందు దేనితో తయారగునో మా అమ్మకు తెలియదు, నాకును పెద్దవాడనగు వరకు తెలియదు. అది గొర్రె మెదడుతో చేసిన మందు! 1911 ప్రాంతమున కసౌలీలో డేవిడ్ సెంపుల్ అను బ్రిటిష్ సైనికవైద్యుడు రూపొందించిన పద్ధతి అది. గొర్రెకు రోగమును కలిగించి, దాని మెదడును తీసి, అందలి విషక్రిమిని నిర్వీర్యముచేసి టీకా చేసెడివారు. హైదరాబాదులో నారాయణగూడలోని నివారణ వైద్యసంస్థలోను ఈ టీకా తయారైనది.

నేను ఈనాడు బ్రతికి, ఈ వ్యాసము వ్రాయుచున్నానన్న, పేరు ఊరు తెలియని ఒక గొర్రె నాకు బదులుగా ఆ రోగమును మోసినందువల్లనే. ఈ సంగతి తెలిసిన దినమున నేను భోజనము చేయలేకపోతిని. పెద్దమ్మ సూదిని గూటిలో ఎందుకు పెట్టినదో నాకు బాగుగ అర్థమైనది అందువల్లనే.

అయితే ఆ కథ అక్కడితో ముగియలేదు. గొర్రె మెదడు పదార్థము శరీరమున చేరుట వలన కొందరికి పక్షవాతము వంటి ఉపద్రవములు కలిగెడివి. శాస్త్రజ్ఞులు మరొక మార్గము వెదకిరి. 1962లో జపానులో ఒక ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండము నుండి తీసిన కణములు గాజుపాత్రలలో నేటివరకు పెరుగుచునే యున్నవి. వానికి వేరో కణములని పేరు. ఆ కణములలో విషక్రిమిని పెంచి టీకా చేయు పద్ధతి వచ్చెను. మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ ఈ పద్ధతిలో రేబిస్ టీకాను చేయుచున్నది. 2004 చివరకు గొర్రె మెదడు టీకా తయారీని దేశమున పూర్తిగా నిలిపివేసిరి. బొడ్డు చుట్టు సూదులు పోయినవి. నేడు చేతికి నాలుగైదు సూదులతో సరిపోవును. గొర్రెకు ప్రాణము దక్కినది, మనిషికి భద్రత పెరిగినది. దయయు శాస్త్రమును ఒకే దారిన నడచుటకు ఇంతకన్న మంచి నిదర్శనము నాకు దొరకలేదు.

మూడవ కథ మన తెలంగాణ పొలములది. జొన్నగటక, జొన్నరొట్టె మన పేదల ఆహారము. కేవలము జొన్ననే తిను పేదలలో పెల్లగ్రా అను వ్యాధి కనబడెడిది. ఎండ తగులుచోట్ల చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతిభ్రమ దాని లక్షణములు. మెడచుట్టు హారమువలె నల్లని చార ఏర్పడును – సరిగా మనము లింగసూత్రము ధరించుచోటనే! 1918లో కూనూరులో చిన్న గదిలో ఆరంభమై 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు పొందిన పరిశోధనాలయమువారు ఈ వ్యాధి మూలమును వెదకిరి. జొన్నలో అధికముగానున్న ల్యూసిన్ అను పదార్థము దీనికి కారణమని డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంటియా 1960లో ప్రతిపాదించిరి. ఆ దశకమున అక్కడి పరిశోధకులు కుక్కపిల్లలకు ల్యూసిన్ కలిపిన ఆహారమిచ్చి పరీక్షింపగా, వానికి నాలుక నల్లబడు వ్యాధి వచ్చెను. అది మనుష్యుల పెల్లగ్రాకు సమానమైనది. ఆ సిద్ధాంతముపై తరువాత శాస్త్రజ్ఞులలో చర్చలు జరిగినను, మన కూలిజనుల రోగమును గూర్చి మన నేలమీదనే తీవ్రముగా ఆలోచించిన పరిశోధన అది. దానిలో కుక్కపిల్లలు బాధపడినవి. ఈ రెండు వాక్యములును సత్యములే; ఒకటి చెప్పి రెండవది దాచుట మనకు తగదు.

నాలుగవది నిన్నమొన్నటిది. కరోనా కాలమున, శామీర్‌పేట ప్రాంతమున జీనోం వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ కోవాగ్జిన్ టీకాను తయారుచేసెను. 2020లో పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థ యందు ఇరువది కోతులను నాలుగు గుంపులుగా చేసి ఆ టీకాను పరీక్షించిరి. మూడు గుంపులకు టీకాలిచ్చి, ఒక గుంపునకు ఇవ్వక, తరువాత అన్నింటికిని వైరసు సోకించి చూచిరి. మనలో కోట్లమంది ఆ టీకా వేసికొన్నారు. వరుసలో నిలబడి వేసికొన్ననాడు ఆ ఇరువది కోతులను తలచినవారెందరు?

యజ్ఞశాల, ప్రయోగశాల

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. "బసవేశ్వరుడు యజ్ఞశాలలోని మేకవధను ఖండించెను గదా! ప్రయోగశాల కొత్త యజ్ఞశాల కాదా? అక్కడ హోత, ఇక్కడ శాస్త్రజ్ఞుడు. అక్కడ స్వర్గఫలము, ఇక్కడ ఆరోగ్యఫలము. రెండుచోట్లను ఫలము మనిషిది, ప్రాణము మూగజీవిది."

ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. మేక దృష్టిలో, ఎలుక దృష్టిలో ఆ రెండు శాలలకు భేదము లేదు. కాని మన దృష్టిలో కొంత భేదము కలదు. యజ్ఞఫలమును ఎవరును పరీక్షించి చూడలేరు; టీకా ఫలమును ప్రతి గ్రామమున చూడవచ్చును. యజ్ఞము యజమాని సొంత కోరిక కొరకు. మంచి పరిశోధన ఎన్నడును చూడని పరాయి రోగి కొరకు. యజ్ఞమున పశువునకు మారుగా మరొకటి వెదకు అవసరము ఉండదు. పరిశోధనలో మారు మార్గమును వెదకుట శాస్త్రజ్ఞుని విధి. గొర్రె మెదడుకు మారుగా కణములు వచ్చినది అట్లే.

కాని ఏ పరిశోధనయందు ఈ మూడు లక్షణములు లేవో – ఫలము పరీక్షకు నిలువనిదో, కేవలము పేరుప్రతిష్ఠల కొరకో, మారు మార్గమున్నను బద్ధకముచే వెదకనిదో – అది నిజముగా కొత్త యజ్ఞశాలయే. బసవేశ్వరుని నిరసన దానికి పూర్తిగా వర్తించును. పెదవులకు పూయు రంగు కొరకు కుందేలు కన్నులలో రసాయనము పోయుటను ఏ దాసోహము సమర్థించును?

ఇతర మతముల దృష్టి

ఈ ప్రశ్న మనది మాత్రమే కాదు. జైనులు ఏకేంద్రియ జీవి మొదలు పంచేంద్రియ జీవి వరకు హింసను వర్జించి, రోగపీడిత జంతువుల కొరకు పింజ్రపోలులు నడుపుచున్నారు. బౌద్ధులు ప్రాణిహింసను వర్జించుటను ప్రథమశీలముగా నుంచి, కర్మను నిర్ణయించునది చేయువాని సంకల్పమని చెప్పుదురు. ఇస్లాము నందు ప్రాణమున్న జీవిని గురిగా పెట్టి కొట్టుటను ప్రవక్త నిషేధించినట్లు హదీసులు చెప్పుచున్నవి. కాథలిక్ క్రైస్తవుల 1992 నాటి ధర్మబోధ గ్రంథము, మనుష్యుల ప్రాణరక్షణకు తోడ్పడునట్టి జంతుప్రయోగములను తగిన హద్దులలో అంగీకరించుచు, జంతువులను అనవసరముగా బాధించుట మానవగౌరవమునకు విరుద్ధమని చెప్పుచున్నది. మహాత్మాగాంధీ సజీవజంతువులను కోసి పరిశోధించుటను తీవ్రముగా నిరసించెను.

ఒకరు పూర్తిగా వద్దనిరి, మరొకరు హద్దులతో ఒప్పుకొనిరి. కాని అనవసరమైన బాధను ఏ మతమును ఒప్పుకొనలేదు. అన్ని మతములును కలియు ఈ చోటనే మనము అడుగు మోపవలెను.

మన ప్రాచీన వైద్యమునందును ఈ వివేకము కలదు. సుశ్రుతాచార్యుడు శిష్యులకు శస్త్రచికిత్స నేర్పుటకు గుమ్మడి, సొర, దోస వంటి కాయలను కోయించెను. నీటితోను బురదతోను నింపిన తోలుతిత్తులపై, తామర తూడులపై, చనిపోయిన జంతువుల నాళములపై అభ్యాసము చేయించెను. బ్రతికిన ప్రాణిని తాకకుముందు కాయమీద చేయి తిరుగవలెనని ఆయన నియమము. నేటి శాస్త్రము కొత్తగా చెప్పుచున్న ప్రత్యామ్నాయ పద్ధతికి ఇది మన పాతపేరు.

చట్టము ఏమి చెప్పుచున్నది

1960లో మన పార్లమెంటు జంతుహింస నివారణ చట్టమును చేసెను. అది ప్రయోగములను నిషేధింపలేదు గాని వానికి హద్దులు గీచెను. పుస్తకముతో, బొమ్మతో, చలనచిత్రముతో నేర్పగలచోట జంతువును వాడరాదు. చిన్నజంతువుతో సరిపోవుచోట పెద్దజంతువును తేరాదు. శస్త్రప్రయోగమునకు ముందు మత్తుమందు ఇచ్చి నొప్పి తెలియకుండ చేయవలెను. కేవలము చేతి నైపుణ్యము కొరకు ప్రయోగము చేయరాదు. ఆ చట్టము క్రింద ఏర్పడిన సంఘము దేశమంతటను ప్రయోగములను పర్యవేక్షించుచున్నది. 1998లో నియమావళి వచ్చెను. దాని ప్రకారము జంతువులను వాడు ప్రతి సంస్థయు నమోదు చేసికొని, ఒక నైతిక సమితిని ఏర్పరచుకొనవలెను. ఆ సమితి అనుమతి లేక ఎలుకనైనను తాకరాదు.

శాస్త్రజ్ఞులకు నాలుగు సూత్రములు విధింపబడినవి. జంతువునకు మారుగా మరొక పద్ధతిని వాడుట, జంతువుల సంఖ్యను తగ్గించుట, బాధను తగ్గించుట అను మొదటి మూడింటిని 1959లో ఇంగ్లండులో రస్సెల్, బర్చ్ అను ఇరువురు ప్రతిపాదించిరి. ప్రయోగము ముగిసిన జంతువునకు పునరావాసము కల్పించుట అను నాలుగవదానిని మన దేశము చేర్చినది. పనిచేసి అలసిన ఎద్దును కడవరకు పోషించు రైతు గల దేశమునకు ఈ నాలుగవ సూత్రము తోచుటలో ఆశ్చర్యము లేదు.

2014లో సౌందర్యసాధనముల కొరకు జంతువులపై ప్రయోగములు చేయుటను మన దేశము నిషేధించెను. ఆ యేడే అట్లు పరీక్షించిన విదేశీ సరుకుల దిగుమతిని కూడ నిషేధించెను. కళాశాలలలో కప్పలను కోయు పాఠములు విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఆదేశములతో తొలగిపోయినవి. 2023లో కొత్త మందుల నియమములను సవరించి, మానవకణములతోను, అవయవముల పనిని అనుకరించు చిన్న చిప్పులతోను, కంప్యూటరు గణనలతోను చేసిన పరీక్షలకును తావిచ్చిరి. హైదరాబాదులో సీసీఎంబీ ఆశ్రయమున ఇట్టి మానవకణ పద్ధతులను ప్రోత్సహించుటకు ప్రత్యేకముగా ఒక కేంద్రము కూడ ఏర్పడినది.

ప్రసాద భావము

ఇక పెద్దమ్మ ప్రశ్నకు వత్తును. కుక్క ప్రాణముతో వచ్చిన మందును లింగధారి తీసికొనవచ్చునా?

మన అష్టావరణములలో ప్రసాదము ఒకటి. గురులింగజంగమములకు అర్పించి స్వీకరించినది ప్రసాదము. ప్రసాదమునకు మనము పాటించు నియమము చిన్నపిల్లకును తెలుసు: దానిని ఒక్క మెతుకైనను నేలపాలు చేయరాదు. పళ్లెమును కడిగి ఆ నీటిని త్రాగిన పెద్దలను నేను ఎరుగుదును. ప్రసాదమును తిరస్కరించుట ఎట్టి దోషమో, దానిని వ్యర్థము చేయుట అంతకు మించిన దోషము.

ఔషధమును ఈ దృష్టితో చూడవలెనని నా మనవి. నూరేండ్ల క్రిందట చనిపోయిన కుక్కను, పెద్దమ్మ సూదిని గూటిలో పెట్టినంత మాత్రమున తిరిగి తేలేము. సూది మానిన, ఆ కుక్క ప్రాణము రెండుసార్లు వ్యర్థమగును – ఒకసారి అది పోయినప్పుడు, రెండవసారి దాని ఫలము నేలపాలైనప్పుడు. కావున తీసికొనవలెను, కాని హక్కుగా కాదు, ఋణముగా. అంగడిలో కొన్న సరుకుగా కాదు, ప్రసాదముగా.

ప్రసాదమని తలచిన వెంటనే మన నడవడి మారవలెను. వైద్యుడు వ్రాయని మందును కొని ఇంట గుట్టలు పోయరాదు. జలుబు చేసినంతనే బలమైన మందులు మ్రింగి వాని శక్తిని నశింపజేయరాదు. ఇన్సులిన్ సీసాను చల్లనిచోట ఉంచక చెడగొట్టరాదు. మితాహారము, నడక, కాయకము చేత మందు అవసరమునే తగ్గించుకొనవలెను. తిండికి హద్దులేక రోగము తెచ్చుకొని, దానికి మందు కొరకు మరొక వేయి ఎలుకలు చావవలెననుట భక్తుని లక్షణము కాదు.

పరిశోధకునకు కూడ ఇదే కొలత. ఒక్క ఎలుక ప్రాణమైనను వ్యర్థము కారాదు. ఇతరులు ముందే చేసిన ప్రయోగమును పుస్తకములు తిరుగవేయక మరల చేయుట ప్రసాదమును పారబోయుటయే. లెక్కలు సరిగా వేయక పదింటితో తేలుదానికి ముప్పదింటిని వాడుట, అనుకూలింపని ఫలితమును దాచుట కూడ అట్టివే. కాయకము పవిత్రము కావలెనన్న చేయు పని మాత్రమే కాదు, చేయు తీరు కూడ శుద్ధముగా ఉండవలెను.

ఇది నా మననము మాత్రమే. గురువులు, మఠాధిపతులు దోషములున్న సరిదిద్దుదురు గాక.

మనము చేయదగినవి

మొదటిది: ఇట్టి చదువులు చదువు మన బిడ్డలను మానిపించుట కాదు, దయగలవారిగా పంపుట. దయగల బిడ్డ వెనుదిరిగినచో ఆ స్థానమున దయలేనివాడు కూర్చుండవచ్చును. అయితే మనస్సు ఒప్పక వేరుశాఖకు పోదునన్న బిడ్డను బలవంతపెట్టరాదు. కణములతోను కంప్యూటరుతోను చేయు పరిశోధనలు నేడు కొల్లలుగా ఉన్నవి, అటువైపు ప్రోత్సహింపవలెను.

రెండవది: ప్రతి సంస్థలోని నైతిక సమితిలో శాస్త్రజ్ఞులతోపాటు, శాస్త్రజ్ఞుడు కాని, సమాజస్పృహగల ఒక సభ్యుడు ఉండవలెనని నియమము. ఆ కుర్చీ ఎవరి కొరకు? మనవంటివారి కొరకే! విద్యావంతులైన మన పెద్దలు, మఠములకు చెందినవారు ఆ బాధ్యతకు ముందుకు రావలెను. "ఈ ప్రయోగము అవసరమా? ఇన్ని జంతువులు కావలెనా? నొప్పికి ఏమి చేసితిరి?" అని అడుగుటకు శాస్త్రపట్టా అక్కరలేదు, దయ చాలును.

మూడవది: ప్రయోగములు ముగిసి, బ్రతికి బయటపడిన పెద్దజంతువులకు ఆశ్రయము కావలెను. గోశాలలు నడుపు మఠములు పశువైద్యుల సలహాతో ఈ సేవను చేపట్టగలవేమో యోచింపవలెను.

నాలుగవది: పరిశోధన పశువులకును మేలుచేయునని మరువరాదు. గాలికుంటు వ్యాధితో నోట నురుగు కారుచు, గిట్టలు పుండ్లై నిలబడలేని ఎద్దును చూచినవారికి ఆ టీకా విలువ తెలియును. 1982లో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ హైదరాబాదులో స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఆ టీకాను దేశమంతటికిని అందించుచున్నది. మన పశువులకు టీకాలు సమయమునకు వేయించుట కూడ నంది సేవయే.

ముగింపు

ఉగాదికి ఆ పిల్ల సెలవుపై వచ్చినది. నేను ఈ మాటలన్నియు వారి యింటి అరుగుమీద కూర్చుండి చెప్పితిని. తన పరిశోధనలో మందును మొదట కంప్యూటరుమీద, తరువాత కణములమీద పరీక్షించి, అక్కడ నిలిచినదానిని మాత్రమే ఎలుకలకు ఇచ్చునట్లు తన మార్గదర్శకులతో మాట్లాడి ఏర్పాటు చేసికొన్నానని ఆమె చెప్పినది. నైతిక సమితి ఎలుకల సంఖ్యను కూడ ప్రశ్నించి తగ్గించినదట.

పెద్దమ్మ అంతయు విని, "గా ఎలుకకు నొప్పి దెల్వకుంట జేస్తరా బిడ్డా?" అని అడిగినది.

"చేస్తం నానమ్మా. మత్తు ఇస్తం" అన్నది మనుమరాలు.

"గట్లయితె పొద్దుగాల లింగపూజల దాన్ని గూడ తలుసుకో. నేను గా కుక్కను తలుసుకుంట" అన్నది పెద్దమ్మ.

నేను ముప్పది యేండ్లు పుస్తకములు చదివి వ్రాసినదానికన్న ఆ మాట పెద్దది. అప్పటినుండి నేను ప్రతిదినము ఇష్టలింగమును అరచేత నుంచుకొనునప్పుడు ఆ పేరులేని గొర్రెను తలచుచున్నాను. తలచినంత మాత్రమున ఋణము తీరదు. కాని ఋణమున్నదని ఎరిగినవాడు వ్యర్థముగా అప్పుచేయడు గదా!

మననమునకు ప్రశ్నలు

1. దయ, దాసోహము అను రెండు ధర్మములు ఎదురుపడినప్పుడు మీ యింట ఎట్లు నిర్ణయింతురు?

2. మీ యింటనున్న మందులలో వాడక పారవేసినవి ఎన్ని? ప్రసాద దృష్టితో ఆలోచింపుడు.

3. సుశ్రుతుని కాయల పాఠమునకును, నేటి కణపరీక్షలకును గల పోలికను పిల్లలకు వివరింపుడు.

4. మీకు పరిచయమున్న కళాశాలలో జంతుప్రయోగ నైతిక సమితి ఉన్నదా? అందు శాస్త్రేతర సభ్యులెవరో విచారించి తెలిసికొనుడు.